మా నాయనమ్మ పోయిన ఏడు

జిల్లా పేపరు లోపలి పేజీల్లో రోజూ ఒకటో రెండో శ్రద్ధాంజలి ప్రకటనలు వస్తాయి. దండ వేసిన ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, పెద్దకర్మ ఎక్కడ, ఏ రోజు, కింద కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు వరసగా. పల్లంలో ఎవరైనా తమ వంశం గురించి రాసుకోవాలనుకుంటే అలాంటి నాలుగు కాగితం ముక్కలు చాలు, మూడు తరాలు బయటికొస్తాయి. మన కొండల మీదివాళ్ళ కోసం వేసిన అలాంటి ముక్క నేను ఒక్కటి కూడా చూడలేదు. డబ్బు కట్టి వేయించుకునే ప్రకటన అది. మనకు ఆ అలవాటూ లేదు, ఆ డబ్బూ లేదు. మనం పేపర్లో పడేది వేరే రకంగా. డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయిన బాలింత, పిడుగు పడి పోయిన పశువుల కాపరి, జ్వరాలతో మంచం పట్టిన గూడ. "గిరిజన మహిళ మృతి" అని శీర్షిక ఉంటుంది. లోపల పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే ఊరి పేరూ, సుమారు వయసూ. రాసిన విలేకరులను తప్పు పట్టడం లేదు, వాళ్ళు రాయకపోతే ఆ మాత్రమూ ఉండదు. కానీ ఆమె ఎవరి కూతురు, ఎవరి పేరు పెట్టుకుంది, ఆమెకు రాయి ఎక్కడ నిలబెట్టారు అన్నవి అందులో దొరకవు.

నేను సవర పిల్లను. సీతంపేట కొండల్లో పుట్టి, డి.ఎడ్. చదివి, ఇప్పుడు అక్కడికి దగ్గర్లోనే ఒక చిన్న బడిలో పాఠం చెబుతున్నాను. పరిసరాల విజ్ఞానంలో కుటుంబ వృక్షం అని ఒక పాఠం ఉంది. తాత, నాయనమ్మ, వాళ్ళ పిల్లలు, మళ్ళీ వాళ్ళ పిల్లలు. గుంటలు ఇంటికెళ్ళి అడిగి రాసుకొస్తారు. రెండో వరస దాకా పేర్లు వస్తాయి. పై వరసలో మగవాళ్ళ పేర్లు సగం వస్తాయి, ఆడవాళ్ళ గడులు ఖాళీ. ఒకసారి నాలుగో తరగతి పిల్ల ఒకతె "టీచరమ్మా, మీ నాయనమ్మ పేరేటి? ఎప్పుడు సచ్చిపోనాది?" అని అడిగింది. పేరు చెప్పాను, ఆ పేరు మా అప్పకు ఉంది కాబట్టి. ఎప్పుడంటే, నేను పుట్టకముందు అన్నాను. అంతకంటే ఎక్కువ మా ఇంట్లో ఎవరికీ అక్కర పడలేదు.

అక్కర పడ్డది వేరే చావు వల్ల. మా చిన్నాన్న 2016 వానాకాలంలో ఇంట్లోనే జ్వరంతో పోయాడు. ఎవరూ ఎక్కడా రాయించలేదు. దహనం అయింది, తర్వాత ఏడు గువార్ చేసి రాయి నిలిపారు, ఊరికి తెలుసు, చుట్టాలకు తెలుసు, ఇంకెవరికి తెలియాలి? కొన్నాళ్ళకు మా చిన్నమ్మ వితంతు పింఛను అడిగితే భర్త మరణ ధ్రువీకరణ పత్రం తెమ్మన్నారు. చిన్నాన్న పేరు మీద ఉన్న అటవీ హక్కుల పట్టా ఆమె పేరుకూ పిల్లల పేరుకూ మారాలన్నా అదే కాగితం. ఊరంతా చూస్తుండగా కాలిపోయిన మనిషి ఆఫీసు లెక్కలో ఇంకా బతికే ఉన్నాడు.

ఈ సంగతి చదువుకున్న పిల్లలు బాగా తెలుసుకోవాలి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయించాలి. ఇంట్లో జరిగితే చెప్పే బాధ్యత ఇంటి పెద్దది. 21 రోజుల్లోపు చెబితే రుసుం లేదు. 30 రోజుల్లోపు ఆలస్య రుసుంతో రాస్తారు. ఆ తర్వాత ఏడాది లోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే చట్టం మొదట ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు అడిగింది. 2023లో చేసిన సవరణ ఆ అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రుసుం కట్టి ఎవరైనా రిజిస్టరు వెతికించుకోవచ్చు, నమోదు నకలు తీసుకోవచ్చు. నకలులో చావుకు కారణం మాత్రం ఇవ్వరు.

మా చిన్నాన్న పేరు పంచాయతీ రిజిస్టరులో లేదు. లేదు అని చెప్పడానికీ ఒక కాగితం ఉంది, నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. అది తీసుకుని, అఫిడవిట్ రాయించి, పల్లంలోని ఒక ఆఫీసుకు చిన్నమ్మను వెంటబెట్టుకుని తిరిగాను. అక్కడ ఒక గుమాస్తా "పోయిన తేదీకి ఆధారం ఏది? ఏ కూలికో పోయి వేరే చోట ఉన్నాడేమో" అన్నాడు. చిన్నమ్మకు తెలుగు అర్థమవుతుంది. ఆమె ఏమీ అనలేదు, చెంగుతో మొహం తుడుచుకుంది. తేదీకి ఆధారం చివరికి రెండు చోట్ల దొరికింది. ఒకటి, ఏఎన్ఎం దగ్గర ఉన్న పాత రిజిస్టరు. జ్వరాల సమయంలో రక్తపూత తీసిన రోజు, మందు ఇచ్చిన రోజు, వారం తర్వాత పేరు పక్కన "మరణం" అన్న మాట. రెండు, డి.ఆర్. డిపోలో రేషను కార్డు నుంచి ఒక మనిషి బియ్యం తగ్గించిన నెల. ఆ రెండూ కలిశాయి కాబట్టి కాగితం వచ్చింది. ఎనిమిది నెలలు పట్టింది. బియ్యం తగ్గించడానికి ఆ నెలలోనే నమ్మిన ప్రభుత్వం పింఛను ఇవ్వడానికి మాత్రం ఎందుకు నమ్మలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తిరుగుడులోనే నాకు పాత కాగితాల మీద పిచ్చి పట్టింది. చిన్నాన్నది దొరికింది సరే, తాతది? నాయనమ్మది?

ముందు మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మన ఊళ్ళు కదల్లేదు కానీ జిల్లాలు మన మీదుగా నడిచాయి. మా తాత పుట్టినప్పుడు పాలకొండ వైపు విశాఖపట్నం జిల్లా, మద్రాసు రాష్ట్రం. పర్లాకిమిడి వైపు గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం అటు పోయింది, చుట్టాలు కొందరు ఇటూ కొందరు అటూ అయ్యారు. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. 1979లో విజయనగరం జిల్లా వచ్చి పార్వతీపురం, సాలూరు అందులోకి వెళ్ళాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చాక సీతంపేట కూడా అందులో చేరింది. కాబట్టి ఒకే ఊరి పాత కాగితం ఏ కలెక్టరాఫీసులో అడగాలో ముందు ఏడు తెలిస్తే తప్ప తెలియదు. మనం వెతుకుతున్నది ఆ ఏడే కదా. ఇక కరణం, మునసబు దగ్గర ఉండిన పుస్తకాలు. 1984లో ఆ పదవులు రద్దయ్యాక ఎన్ని కట్టలు ఆఫీసుకు చేరాయో, ఎన్ని అటకల మీద చెదలు తిన్నాయో ఊరూరికీ ఒక కథ. మన ఏజెన్సీలో సంగతి ఇంకా వేరు. 1839 నాటి చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండలను మామూలు చట్టాల నుంచి తప్పించి కలెక్టరు కింద ఏజెన్సీగా పెట్టారు. పల్లంలో చావు పుట్టుకలు రాసే మునసబు కొండెక్కి గూడగూడకూ వచ్చి రాసిన దాఖలా మా పెద్దలెవరికీ గుర్తు లేదు.

దొరికిన పుస్తకాలు కొన్ని చూశాను. 1907లో ఫ్రాన్సిస్ అనే దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో 1900లో సాలూరు తాలూకా కొర్రవానివలసలో జరిగిన తిరుగుబాటు ఉంది. కొర్ర మల్లయ్య పేరు ఉంది. పోలీసులు కాల్చినప్పుడు చచ్చినవాళ్ళు 11 మంది అని అంకె ఉంది. ఆ 11 మందికీ తల్లులున్నారు, పేర్లున్నాయి, అంకె మాత్రమే మిగిలింది. ఎల్విన్ గారు సవరల మతం మీద 1955లో వేసిన పెద్ద పుస్తకంలో మన గువార్లు, రాళ్ళు, గోడ బొమ్మలు చాలా వివరంగా ఉన్నాయి కానీ ఆయన తిరిగింది ఎక్కువగా ఒరిస్సా వైపు కొండలు. గిడుగు రామ్మూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి మన మాట నేర్చుకుని నిఘంటువు చేశారు, అది 1938లో అచ్చయింది. మన మాటలకు ఆయన చేసిన మేలు ఎంత చెప్పినా తక్కువే. మనుషుల జాబితా ఆయన పని కాదు. జనాభా లెక్కల్లో ఉంటుంది కదా అని ఒక కుర్రాడు అడిగాడు. ఇంటింటి లెక్క రహస్యం, చట్టం ప్రకారం ఎవరికీ చూపరు. బయటికొచ్చేది అంకెలే. 1961 లెక్కలప్పుడు కొన్ని ఊళ్ళను ఎంచుకుని ఒక్కో ఊరి మీద ఒక్కో పుస్తకం వేశారు, మీ ఊరు అందులో ఉంటే అదృష్టం.

మన కొండల్లో ఫలానా రోజున పోయాడని అందరూ చెప్పగలిగేది ఎవరి గురించి? 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోతూ లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల తుపాకులకు బలైన కోరన్న, మంగన్న గురించి. ఆ తేదీ పుస్తకాల్లో ఉంది, పాటల్లో ఉంది, కోర్టు కాగితాల్లో ఉంది. అదే ఏడు చలిజ్వరంతో, కాన్పులో, ఆకలితో పోయినవాళ్ళ తేదీ చెప్పమంటే మనకు నోరు పెగలదు. తుపాకీతో పోతే తప్ప మన చావుకు తేదీ ఉండదా అని అప్పట్లో నా డైరీలో రాసుకున్నాను. కొంచెం కోపంగా రాసిన మాటే, కొట్టెయ్యలేదు.

మా తాత చావు నాకు దొరికింది సాహుకారు పద్దులో. మా సంతకు వచ్చి చింతపండు, పిప్పళ్ళు కొని అప్పులిచ్చిన ఒక కుటుంబం ఉంది. పేరు అక్కర్లేదు, అలాంటి కుటుంబాలు ప్రతి సంతకూ ఉన్నాయి. వాళ్ళ మనవడు నాతో పాటు డి.ఎడ్. చదివాడు, మంచివాడు. వాళ్ళ పాత ఇల్లు పడగొట్టేటప్పుడు ఎర్రగుడ్డ అట్టల పద్దు పుస్తకాలు బయటపడితే "మీ ఊరివాళ్ళ పేర్లున్నాయి, చూస్తావా" అని ఫోను చేశాడు. రెండు ఆదివారాలు కూర్చుని చూశాను. మా ఊరి పద్దు పేజీలో మా తాత పేరు ఉంది. రెండు చీరలు, ఉప్పు, 40 రూపాయలు. పేరు మీద ఒక్క గీత కొట్టి, పైన మా నాన్న పేరు రాసి, పక్కన "కాలం చేసినందున" అని చిన్న అక్షరాలు. తేదీ పరాభవ నామ సంవత్సరం ఫాల్గుణ మాసం. అంటే 1967 మార్చి, ఏప్రిల్ మధ్య, లేవిడి కాల్పులకు ఏడు నెలల ముందు. తాత పోయింది అంతకు కాస్త ముందై ఉంటుంది, సాహుకారు ఎక్కువ రోజులు ఆగే మనిషి కాదు.

ఆ పేజీ చాలాసేపు చూశాను. ఏ ప్రభుత్వం రాయని మా తాత చావును అప్పిచ్చినవాడు రాసుకున్నాడు. మా నాన్నకు ఇరవై రెండేళ్ళు అప్పటికి. ఆయనకు తండ్రి నుంచి దిగినట్టు కాగితం మీద ఉన్న మొదటి ఆస్తి ఆ అప్పు. మనకు దండం పెట్టాల్సినది ఏదీ ఆ పుస్తకంలో లేదు. కానీ తేదీ ఉంది.

ఎవరికి మన కష్టంతో పని ఉందో వాళ్ళే మన పేరు రాసుకున్నారని అప్పుడు అర్థమైంది. ఇది మన ఒక్కరి సంగతే కాదు. 1860 నుంచి 1911 వరకు మద్రాసు రేవు నుంచి నాటాల్ చెరకు తోటలకు, 1903 నుంచి 1916 వరకు ఫిజీకి కూలీలను ఓడల్లో ఎక్కించారు. వాళ్ళలో గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్ళు చాలామంది. ఒక్కొక్కరికీ ఒక కాగితం: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, ఎత్తు, ఒంటి మీది మచ్చ. దారిలో ఎవరైనా పోతే అదీ రాశారు. మారిషస్‌లో మోకా అనే ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అలాంటి కాగితాలు, కూలీల ఫొటోలతో సహా, ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ముని మనవలు వాటిని చూసి తమ పూర్వీకుల ఊరి పేరు తెలుసుకుంటున్నారు. సముద్రం దాటి గొడ్డు చాకిరీ చేసినవాళ్ళకు కాగితం ఉంది, కొండ మీద ఉండిపోయినవాళ్ళకు లేదు. మా తాత తమ్ముడు సర్దారు వెంట అస్సాం టీ తోటలకు పోయాడు. మళ్ళీ రాలేదు. అక్కడి తోటల్లో సవరలు ఇప్పటికీ ఉన్నారు. ఆయన పేరు ఏ తోట మస్తరులోనో ఉండే ఉంటుంది.

ఇక నాయనమ్మ. ఆమెకు అప్పు లేదు, పట్టా లేదు, ఓటరు జాబితాలో దొరకలేదు, మా నాన్న బడి అడ్మిషను రిజిస్టరులో తండ్రి పేరుకే గడి ఉంది. పల్లపు లెక్క ప్రకారం ఆమె పుట్టనూ లేదు, చావనూ లేదు. ఆమెను వెతకాలంటే మన లెక్కలోకే రావాలి.

మన లెక్కలో మొదటిది పేరు. మాలో పోయినవాళ్ళ పేరు ఆ ఇంట్లో తర్వాత పుట్టిన బిడ్డకు దిగుతుంది. మా అప్పకు నాయనమ్మ పేరు దిగింది. అంటే నాయనమ్మ పోయింది అప్ప పుట్టకముందు. అప్ప బడి రిజిస్టరులో పుట్టిన తేదీ 1980 జూలై 1. ఇది హెడ్మాస్టరు గారి దయ అని మీకు వేరే చెప్పక్కర్లేదు. మా తరంవాళ్ళలో సగం మంది జూన్, జూలైల్లోనే పుట్టాం, బడులు తెరిచే నెలలు కాబట్టి. కానీ మా అమ్మ కూడా "వానలు మొదలెట్టినాక పుట్టింది, ఉడుపులకి నేను పోలేదు" అంటుంది. కాబట్టి నెల అటూ ఇటూగా నమ్మొచ్చు. ఇంకో జాగ్రత్త. మనలో సోమ, మంగ, బుధ, గురు, సుక్ర, శని, ఆది అని వారాల పేర్లు ఎక్కువ, ఆ పేరు చూసి ఫలానా వారం పుట్టాడు అనుకుంటాం. ఆ పేరు పైతరం నుంచి దిగినదైతే ఆ వారం మనిషిది కాదు, ముందు ఆ పేరు మోసినవాళ్ళది. అప్ప శుక్రవారం పుట్టలేదు. నాయనమ్మయినా శుక్రవారం పుట్టిందో, ఆమెకూ ఎవరి నుంచైనా దిగిందో. ఈ పేర్లకు తోడు ఇంటిపేరు అందరికీ "సవర" అనే రాశారు కదా. ఒకే ఓటరు జాబితా పేజీలో ఒకే మనిషి మూడుసార్లు ఉన్నట్టు కనిపిస్తుంది, ముగ్గురూ వేరు. పాత ఓటరు జాబితాలు చూసేవాళ్ళకు ఒక ఆధారం చెబుతాను. వెనక అనుబంధంలో తీసేసిన పేర్ల పక్కన "ఇ" అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే చనిపోయినందుకు తీసేశారని, "ఎస్" ఉంటే ఊరు మారినందుకని. తేదీ ఉండదు, ఏడు ఉంటుంది.

రెండోది మనుషులకు గుర్తున్న పెద్ద సంగతి. మా ఊళ్ళో ఒక ముసలాయన, వరసకు నాకు తాత, నాయనమ్మను బాగా ఎరుగును. ఏ ఏడు పోయిందని అడిగితే చేతులు తిప్పాడు. గొడవల కాలం ముందా తర్వాతా అంటే తర్వాతే అన్నాడు. ఇంకా అడిగితే చెప్పాడు.

"పట్టపగలు చీకటి పడిపోనాది సూడు, కోళ్ళన్నీ గూట్లోకి ఎలిపోనాయి. ఆ నాటికి మీ నాయనమ్మ ఉంది పిల్లా. గుంటలందర్నీ ఇంట్లో తోసి తలుపేసినాది. మరి టెంక పండక్కి లేదు. ఆ పండక్కి మీ ఇంట్లో అంటు."

పట్టపగలు చీకటి పడ్డది 1980 ఫిబ్రవరి 16న. సంపూర్ణ సూర్యగ్రహణం, శనివారం, సాయంత్రం నాలుగు కావస్తుండగా. ఆ నీడ తెలంగాణ మీదుగా వచ్చి మన కొండలు దాటి పూరీ వైపు పోయింది. టెంక పండగ మామిడికాయలో టెంక ముదిరాక. అంటే మా నాయనమ్మ ఫిబ్రవరి 16కూ ఆ వేసవికీ మధ్య పోయింది. తర్వాత వానలకు మా అప్ప పుట్టింది. రెండు మూడు నెలల సందులోకి వచ్చేశాం. ఏ రిజిస్టరూ లేకుండా ఇంత దగ్గరికి రాగలమని నేను అనుకోలేదు. ఆ ముసలాయనకు 1980 అన్న అంకె తెలియదు, నాకు కోళ్ళు గూట్లోకి పోయిన సంగతి తెలియదు. ఇద్దరం కూర్చుంటేనే తేలింది.

అప్పటికి చట్టం వచ్చి పదేళ్ళు దాటింది. రిజిస్టరులో ఆమె లేదు, అది కూడా వెతికించాను.

మూడోది రాయి. గువార్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో రాయి నిలబెడతాం. పంటలు వచ్చాక, దున్నపోతుకు డబ్బు కూడాక చేస్తాం కాబట్టి చావుకూ గువార్‌కూ మధ్య ఒక ఏడో రెండేళ్ళో ఉండొచ్చు. ఒకే గువార్‌లో ఇద్దరు ముగ్గురికి కలిపి చేయడమూ ఉంది. రాతి మీద అక్షరం ఉండదు. ఏ రాయి ఎవరిదో చెప్పేవాళ్ళు ఉన్నంత కాలమే అది పుస్తకం. మా నాయనమ్మకు మా ఊళ్ళో ఒకటి, ఆమె పుట్టిన ఊళ్ళో ఒకటి నిలబెట్టారట. ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. ఆమె తమ్ముడి కొడుకు, నాకు బాబు వరస, నన్ను రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి వరసగా చెబుతూ పోయాడు. ఇది మా తాత, ఇది మా పెద్దబ్బ, ఇది మీ నాయనమ్మ, ఈ మూడూ ఎవరివో మా నాన్నకి తెలుసు. వాళ్ళ నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు. నేను ఫొటోలు తీసి, రాళ్ళు ఉన్న వరసలోనే బొమ్మ గీసి, పేర్లు వేశాను. ఆ మూడు రాళ్ళ పక్కన ఏమీ రాయలేదు.

పూర్వం ఇంకో దారి కూడా ఉండేది. కుడాన్ ఒంటి మీదికి పోయినవాళ్ళు వచ్చి మాట్లాడేవాళ్ళు. ఎలా పోయిందీ, ఎవరు పట్టుకుపోయిందీ, ఇంట్లో ఎవరి మీద కోపం ఉందీ వాళ్ళే చెప్పేవాళ్ళు. ఇంటివాళ్ళు ఎదురు ప్రశ్నలు వేసేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, పోట్లాడేవాళ్ళు. పేపరు ప్రకటనలో పోయినవాళ్ళ గురించి బతికినవాళ్ళు చెబుతారు. మాలో పోయినవాళ్ళే చెప్పుకునేవాళ్ళు. నమ్మేవాళ్ళు నమ్మండి, నమ్మనివాళ్ళు వద్దు, ఇప్పుడు మా ఊళ్ళో సగం ఇళ్ళు వేరే దేవుళ్ళ దగ్గర ఉన్నాయి. కానీ అలా వచ్చి చెప్పిన మాటలు మా అత్తకు ఇప్పటికీ నోటికి వచ్చు. నాయనమ్మ కడుపునొప్పితో పోయిందని నాకు తెలిసింది ఆ మాటల్లోంచే. చర్చికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు సమాధుల పుస్తకం అడగండి. మన ప్రాంతంలో మిషన్లు పాతవి, సాలూరు, పార్వతీపురాల్లో లూథరన్‌లు, ఇటు వైపు కెనడా బాప్టిస్టులు. బాప్తిస్మం పుస్తకాల్లో తల్లి పేరు కూడా దొరకొచ్చు.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ పని అనుకునే కుర్రాళ్ళ కోసం ఒక్క సంగతి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, దాని నియమాలు 2008లో. ఆ నియమాల్లో 13వది సాక్ష్యాల గురించి. ప్రభుత్వ కాగితాలు, సర్వే పటాలతో పాటు శ్మశానాలు, పూజా స్థలాలు, బావులు కూడా సాక్ష్యమే అని అందులో ఉంది. పాత రికార్డులో ఉన్న మనిషి నుంచి నేటిదాకా చూపే వంశావళి సాక్ష్యం. హక్కుదారు కాని పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యం. మన రాళ్ళు, మన ముసలివాళ్ళ మాటలు చట్టంలో ఉన్నాయి. మా ఊరి కమిటీకి క్లెయిములు రాసినప్పుడు రాళ్ళున్న చోటు పటంలో గుర్తు పెట్టించాను. వంశావళిలో మా తాత పక్కన నాయనమ్మ పేరు రాశాను. కాగితం తీసుకున్న ఒకాయన "మగవాళ్ళ వరస చాలమ్మా, ఆడవాళ్ళ పేర్లతో పేజీ నిండిపోతోంది" అన్నాడు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని అదే చట్టంలో ఉంది సార్ అన్నాను. పేజీ అలాగే తీసుకున్నాడు. ప్రభుత్వ ఫైలులో మా నాయనమ్మ పేరు ఎక్కింది అదే మొదటిసారి, ఆమె పోయిన దాదాపు నలభై ఏళ్ళకు. వేలిముద్ర వేసిన ఆ ముసలాయనే సాక్షి.

ఇప్పుడు మా బడిలో ఒక లాంగ్ నోటు పుస్తకం పెట్టాం. పిల్లలే రాస్తారు. ఊళ్ళో ఎవరైనా పోతే పేరు, ఎవరి కూతురు లేదా కొడుకు, తల్లి పేరు తప్పనిసరి, రోజు, ఇంట్లోనా ఆసుపత్రిలోనా దారిలోనా, గువార్ ఎప్పుడు చేశారు, పేరు ఎవరికి దిగింది. ఇది ప్రభుత్వ రికార్డు కాదని పిల్లలకు చెప్పాను. రాసిన వారంలోనే ఇంటివాళ్ళ చేత సచివాలయంలో చెప్పిస్తాం, 21 రోజులు దాటనివ్వం. పెద్ద పిల్లలు ఫారం నింపడం నేర్చుకున్నారు. ఇష్టం లేని ఇంటికి వెళ్ళి అడగొద్దని, ఏడుస్తున్నవాళ్ళ ముందు పుస్తకం తీయొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. టీచర్లు మీ బడుల్లో మొదలుపెడితే ఆ రెండు మాటలు ముందు చెప్పండి. పాత అడ్మిషను రిజిస్టర్లు బీరువా అడుగున పడేసి ఉంటే తీసి ఎండబెట్టండి. 1960ల నాటి పుస్తకం ఒకటి మా బడిలో సగం చెదలు తిన్నాక దొరికింది, మిగిలిన సగంలో ముప్పై మంది తండ్రుల పేర్లున్నాయి.

మొన్న వేసవి సెలవుల్లో ఈ పుస్తకం మా అమ్మకు చూపించాను. ఆమెకు చదువు రాదు, వేలు పెట్టి ఏ గీత ఎవరిదని అడిగింది. మా ఇంటి పేజీలో అప్ప, నేను, ఇద్దరు తమ్ముళ్ళు. నలుగురం.

"ఏడుగురు" అంది అమ్మ.

మిగతా ముగ్గురూ పేరు పెట్టకముందే పోయారు. ఒకరు పుట్టిన రోజున, ఒకరు తొమ్మిది రోజులకు, ఒకరు పాలు తాగుతూ తాగుతూ వానాకాలంలో. వాళ్ళకు రాయి లేదు, ఎవరికీ వాళ్ళ పేరు దిగలేదు. అమ్మ వరస తప్పకుండా చెప్పింది: అప్పకూ నాకూ మధ్య ఒక ఆడపిల్ల, నా తర్వాత ఒక మగపిల్లాడు, చిన్నతమ్ముడి తర్వాత మళ్ళీ ఆడపిల్ల. ఏ ఏడు అంటే రెండోవాడికి మాత్రం గుర్తు చెప్పగలిగింది, మా ఊరికి మొదటి బోరు వేసిన ఎండాకాలం అట. ఆ బోరు ఏ ఏడు వేశారో కాగితం ఎక్కడైనా ఉంటుంది. మూడు గీతలు గీసి, పేరు గడి వదిలేసి, తల్లి పేరు గడిలో మా అమ్మ పేరు మూడుసార్లు రాశాను. పక్కన కూర్చుని చూసింది. పొయ్యి మీద జావ పొంగితే లేచి వెళ్ళింది.